దండ వేయని ఫొటో

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బడి వెనక చింతచెట్టు మీద దయ్యముందని పిల్లలు వణికిపోతే, ఆ చెట్టు కిందనే కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. మా కోడలు టీవీలో చూసే చేతబడి సీరియళ్లంటే నాకు ఒళ్లుమంట. ఎనభై ఆరేళ్లు వచ్చాయి, ఇప్పటికీ గదిలో ఒక్కదాన్నే పడుకుంటాను.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ హాల్లో ఉన్న ఫొటో చూసి ఎవరండీ అని అడుగుతారు. మా అమ్మ అంటాను. మరి దండ వేయలేదేమండీ అంటారు. ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తాను. మొన్న కోడలు ముచ్చటపడి గంధపు చెక్కల దండ కొనుక్కొచ్చింది. వద్దన్నాను. అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను. చదివి ఏమనుకుంటుందో అనుకోనీ.

మేము రాయదుర్గం వాళ్లం. ఇప్పుడు మెట్రో రైలు వచ్చి ఆగే రాయదుర్గమే. అప్పుడది చిన్న ఊరు. చుట్టూ ఏనుగులంతేసి బండలు, వాటి మధ్య సీతాఫలం పొదలు. మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. హఫీజ్‌పేట స్టేషను దగ్గర పట్టాల మీద పని. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. అవ్వ పేరు రాజవ్వ. నేను పెద్దదాన్ని. నా చెల్లెలు బాలమణి అప్పటికి ఎనిమిది నెలల పిల్ల.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాదే, దానికి ముందు ఎండాకాలంలో మా ఊరికి గత్తర వచ్చింది. గత్తరంటే కలరా. గత్తరొస్తే ఊరు ఊరంతా ఇళ్లు వదిలి గుట్టల్లోకి పోయి గుడిసెలు వేసుకునేది. జబ్బు పడ్డవాళ్లను వెంట తీసుకుపోరు. రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, కానీ అదే పద్ధతి. వాళ్లను తీసుకుపోతే మిగిలినవాళ్లు కూడా పోతారని. పీనుగులను ఎత్తడానికి మాత్రం ఊళ్లో ఒకరిద్దరు ఉండిపోయేవారు. మా ఊళ్లో ఊరి కావలి కాసే మల్లయ్య ఉండిపోయాడు.

అవ్వకు తెల్లవారుజామున మొదలైంది. పొద్దెక్కేసరికి కళ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముడతలు పడ్డాయి. నీళ్లు, నీళ్లు అంటున్నది. గత్తర మనిషికి నీళ్లు పోస్తే జబ్బు ముదురుతుందని అప్పుడు అందరి నమ్మకం. అదెంత తప్పో చదువుకున్నాక తెలిసింది. నీళ్లు లేకనే చనిపోతారు. మా నాయినమ్మ చెడ్డది కాదు. కోడల్ని బతికించుకోవాలనే నీళ్లకుండ తెచ్చి వాకిట్లో పెట్టింది. నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, లోపలికి పోతే కాళ్లు విరగ్గొడతానన్నది.

తలుపు తీసే ఉంది. అవ్వ నావైపు తిరిగి, "బిడ్డా, గుటికెడు నీళ్లు పొయ్యవా," అన్నది.

నాకు తొమ్మిదేళ్లు. కుండ మీద చెంబు బోర్లించి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నేను పోయలేదు.

మధ్యాహ్నానికి మేము బయలుదేరాం. నాయిన బాలమణిని ఎత్తుకున్నాడు. తలుపు దగ్గరకు వేశాడు గానీ గొళ్లెం పెట్టలేదు. మరునాడు పొద్దున ఊళ్లోకి పోయి, సాయంత్రం తడిబట్టలతో గుడిసెకు వచ్చాడు. "అయిపోయింది. నా చేతుల్తోనే కాలవెట్టి వచ్చిన," అన్నాడు. నాయినమ్మ గుండెలు బాదుకున్నది. పదకొండో రోజు కర్మ చేశారు.

ఆరేడు నెలలు తిరగకముందే అవ్వ ముఖం నాకు గుర్తు రావడం మానేసింది. చేతులు గుర్తున్నాయి. రొట్టె కొట్టేటప్పుడు గాజులు మోచేతి దాకా తోసుకోవడం గుర్తుంది. ముఖం దగ్గరికొచ్చేసరికి ఖాళీ. ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కన్నతల్లి ముఖం మరిచిపోయిన పాపిష్ఠిదాన్ని అనుకునేదాన్ని. ఎవరికి చెప్పుకోను?

చంటిపిల్లతో నాయిన పడే పరేషాన్ చూసి, పెద్దవాళ్లు అవ్వ చెల్లెలినే ఆయనకు చేద్దామనుకున్నారు. ఆమె పేరు సత్తెమ్మ, శేరిలింగంపల్లిలో మా తాత ఇంట్లో ఉండేది. మాకు చిన్నమ్మ. మంచిది. బాలమణి అప్పటికే ఆమెను అవ్వా అని పిలవడం మొదలుపెట్టింది. రెండో పెళ్లి చేసుకునే ఆమె ముందు చనిపోయిన ఆమెకు చీర పెట్టి మొక్కాలి. మామూలుగా ఒక చెంబుకు పసుపు రాసి, అదే ఆమె అనుకుని మొక్కుతారు. చిన్నమ్మ మాత్రం పట్టుబట్టింది.

"ఉత్త చెంబుకు మొక్కను. మా అక్క మొకం చూసి అడుగుత, నీ పిల్లలను నాకిస్తవా అని," అన్నది.

అవ్వకు ఫొటో ఎక్కడిది? మా ఊళ్లో ఎవరికీ లేదు. అప్పుడు నాయినతో పని చేసే ఒకాయన, పట్నంలో సుల్తాన్ బజార్ వెనక గల్లీలో ఒక ఆర్టిస్టున్నాడనీ, చనిపోయినవాళ్ల ఫొటో చేసిస్తాడనీ చెప్పాడు. పేరు నారాయణ మాస్టరు. ఒకప్పుడు నాటకాలకు తెరలు గీసేవాడట.

ఆ మనిషి పని చేసే తీరు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. మొదట ఆయన నాయినతో, "మొకం ఏడికీ పోదు. సుట్టాలల్ల పంచుకొని ఉంటది. ఎవల దగ్గర ఏమున్నదో తీస్కరా, నేను జమజేస్త," అన్నాడు. మేము ఒక బండినిండా పోయాం. ఏది అవ్వ పోలికో చెప్పే పని నాయినమ్మది. కళ్లు, పెదవులు చిన్నమ్మవి. ముక్కు, చెంపలు మా మేనమామవి. నుదురు, పాపిట నావి.

పైకప్పుకు గాజు పలకలు వేసిన గది అది. ఎండ లోపలికి పడేది. కుర్చీ ముందు కర్రతో చేసిన చిన్న పీట. దాని మీద గడ్డం ఆనించి కదలకుండా కూర్చోవాలి. కెమెరా నుంచి మన ముక్కు దాకా దారం పట్టి కొలిచేవాడు, అందరి ముఖాలూ ఒకే కొలతలో రావాలని. అప్పుడు గాజు ప్లేట్లు దొరకడం కష్టం. అందుకని ఒక్కో ప్లేటుకు నల్లకాగితం అడ్డం పెట్టి, ఎవరిలో ఏది కావాలో అంతవరకే తీసేవాడు. అలా నాలుగు ముక్కలు ఒక ప్లేటులో. తరువాత వాటిని కాగితం మీద అచ్చు వేసి, ఆ ముక్కలు బ్లేడుతో కోసి, అట్ట మీద గంజితో అతికించి, అతుకుల మీద రంగు వేసి, మొత్తానికి ఇంకో ఫొటో తీస్తాడు. అప్పుడు అతుకు కనబడదు.

చిక్కంతా గదవ దగ్గర వచ్చింది. గదవంటే గడ్డం. చిన్నమ్మది కోల, మామది మొరటు, నాది ఇంకా పిల్లది. నాయినమ్మ ఒక్కొక్కరినీ పట్టి చూసి, "దాని గదవ గిట్ల కాదు," అని తోసేసింది. మాస్టరు విసుక్కోలేదు. "ఇంకెవలన్న యాదికొస్తె పంపుర్రి. లేకుంటె నేనే గీస్త," అన్నాడు. మాకు ఇంకెవరూ గుర్తు రాలేదు. ఎవరినీ పంపలేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎవరినీ పంపలేదు.

మూడు వారాలకు ఫొటో అయిందని కార్డు వచ్చింది. గదవ ఆయనే గీసి ఉంటాడనుకున్నాం. నాయినా నేనూ హఫీజ్‌పేటలో రైలెక్కి పోయాం. మాస్టరు ఫొటో మీది గుడ్డ తీశాడు.

అవ్వ.

పోలిక కాదు, అచ్చంగా అవ్వ. నెలల తరబడి గుర్తు రాని ముఖం ఎదురుగా నన్ను చూస్తున్నది. అప్పుడు చూశాను గదవ మీద పచ్చబొట్టు. మూడు చుక్కలు, అందులో మూడోది కిందికి జారి చిన్న గీతలా సాగింది. చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిచేటప్పుడు నొప్పికి తల తిప్పేసిందని అవ్వే నాకు చెప్పింది. ఆ సంగతి ఆ క్షణం దాకా నేనే మరిచిపోయాను. ముఖాలు ఏరిన నాయినమ్మ కూడా ఆ మాట ఎత్తలేదు. మరి మాస్టరుకెవరు చెప్పారు?

నాయిన ఫొటో మీదికి వంగాడు. "గదవ ఎట్ల గీసినవ్ మాస్టరు?"

"గియ్యలే. మీ మనిషొచ్చింది గద," అన్నాడాయన.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాను. గదవ లేని అట్టను, గంజి ఆరడానికి, వాకిట్లో ఎండకు పెట్టాడట. మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి వచ్చి దాని ముందు నిలబడింది. సన్నగా ఉంది, కొంగు నెత్తి మీది నుంచి కళ్ల దాకా లాక్కున్నది. చాలాసేపు కదలకపోతే, ఏం కావాలమ్మా అని అడిగాడు. ఇది ఎవరు తీయిస్తున్నారని అడిగింది. రాయదుర్గమాయన, భార్య గత్తరకు చనిపోయిందట, ఆమె చెల్లెలినే చేసుకుంటున్నాడు, మొక్కడానికి ఫొటో కావాలట అని ఈయన చెప్పాడు.

"పిల్లలు మంచిగున్నరా?" అని అడిగిందట.

పెద్దపిల్ల వచ్చింది, ఈ నుదురు ఆ పిల్లదే అని చూపించాడు. ఆమె ఆ నుదుటి మీద వేలు పెట్టి, "గదవ నాది సరిపోతది, తీస్కో," అన్నది. మేము పంపిన చుట్టమే అనుకున్నాడు పాపం. కుర్చీలో కూర్చుని, ఎవరూ చెప్పకముందే పీట మీద గదవ ఆనించింది. ఆయన నల్లకాగితం అడ్డం పెట్టి గదవ వరకే తీశాడు.

తరువాత నీళ్లడిగింది. చెంబెడు ఇస్తే ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఇంకా అన్నది. కుండ ఖాళీ అయింది. ఇంకా చూస్తున్నది. "గంత దూప నేనెవలకు సూడలే," అన్నాడు మాస్టరు. దూపంటే దాహం. పేరు రాసుకుంటానంటే, రాయదుర్గమని రాసుకో అని వెళ్లిపోయిందట.

నాయిన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ముఖం ఎట్లా ఉంది అని పదిసార్లు అడిగాడు. మాస్టరు ఏం చెబుతాడు? కొంగు అడ్డం ఉంది, కెమెరాలో మనిషి తలకిందులుగా కనబడుతుంది, నేను గదవే చూశాను అన్నాడు. ఆ గదవ ముక్క అచ్చు ఇంకొకటి మాకిచ్చాడు. అగ్గిపెట్టె అంత కాగితం. నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉంది. నాటకాల మనిషి, కథ అల్లి ఉంటాడని అనుకోవడానికీ లేదు. గీసిన చుక్కకూ చర్మం లోపలి చుక్కకూ తేడా నాకు తెలుసు.

నాంపల్లి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక నాయిన చెప్పాడు. "నేను కాలవెట్టలే బిడ్డా."

ఆ రోజు ఊరి పొలిమేర దాకా పోయాడట. మల్లయ్య ఎదురొచ్చి, మీ వాడకట్టులో అందరూ అయిపోయారు, రాకు అన్నాడట. భయమేసి వెనక్కి తిరిగాడు. వాగులో మునిగి, తడిబట్టలతో గుడిసెకు వచ్చాడు. తలుపు తీసి చూడలేదు. ఇంట్లోకి తొంగి చూడని మనిషి కర్మ చేశాడు, పిండం పెట్టాడు, రెండో పెళ్లికి ఒప్పుకున్నాడు. పదేళ్ల పిల్లకు తండ్రి చెప్పవలసిన మాటలా అవి? కానీ ఇంకెవరికి చెబుతాడు?

ఇంటికి రాగానే మల్లయ్య దగ్గరికి పోయాం. ఆయన మంచంలో లేచి కూర్చున్నాడు. "నేనే ఎత్తిన. గదవ మీది చుక్కలు చూసే రాజవ్వని గుర్తువట్టిన. మూడోది గిట్ల జారి ఉంటది గద," అని తన గడ్డం మీద గీసి చూపించాడు. ముగ్గురిని ఒకే కట్టెల మీద పెట్టి కాల్చానన్నాడు. మేము చుక్కల మాట ఎత్తకముందే ఆయన చెప్పాడు. అబద్ధం చెప్పి ఆయనకు వచ్చేదేముంది?

ఫొటో గోడకు వేలాడదీశారు. చిన్నమ్మ కొత్తచీర తెచ్చింది, దండ తెచ్చింది. మాస్టరు చెప్పిందీ మల్లయ్య చెప్పిందీ విన్నాక ఆ రెండూ పట్టుకుని ఫొటో ముందు అలాగే నిలబడిపోయింది. నాయినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని అన్నది: "బతికున్నోళ్ల ఫొటోకు దండెయ్యొద్దు. సచ్చినోళ్లకు ఎయ్యకుంటె ఉసురు తగుల్తది. ఇగ నేనేం జెప్పలేను."

చిన్నమ్మ చీర ఫొటో కింద పెట్టింది. దండ మాత్రం వాకిట్లో బంతిచెట్ల మొదట్లో పారేసింది. "అక్క ఉన్నదో లేదో తెల్వకుండ ఆమె మంచమెట్ల ఎక్కుత? నాతోని కాదు," అన్నది. పెళ్లి ఆగిపోయింది. మరుసటేడు ఆమెను దూరపు ఊరికిచ్చారు. ఆ ఫొటోలో కళ్లు ఆమెవేనని చెప్పాను గదా. చీర మాత్రం ఏళ్ల తరబడి మడతపెట్టి అలాగే ఉంది. చిన్నమ్మ వెళ్లిపోయిన నాడు బాలమణి అవ్వా, అవ్వా అని గడప పట్టుకుని ఏడ్చింది. మాకు రెండోసారి తల్లి పోయింది.

నాయిన ఆదివారాలు పట్నం పోవడం మొదలుపెట్టాడు. మాస్టరు ఇంటి ఎదురుగా అరుగు మీద పొద్దుగూకే దాకా కూర్చునేవాడు. దవాఖానలు తిరిగాడు, సత్రాలు తిరిగాడు, స్టేషన్లలో పడుకునే ఆడవాళ్ల ముఖాలు చూసి తన్నులు తిన్నాడు. ఆరేళ్లు తిరిగాడు. ఒక ఆదివారం పోలేదు, ఇంకెప్పుడూ పోలేదు, మాట కూడా తగ్గిపోయింది. పట్టాల పక్కన ఒంటరిగా నడుస్తూ పడిపోయాడని కబురొచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆయన ఫొటోకు దండ ఉంది.

బాలమణి రెండేళ్ల కిందట పోయింది. వచ్చినప్పుడల్లా ఫొటో దించి ఒళ్లో పెట్టుకునేది. కళ్లు చిన్నమ్మవి, ముక్కు మామది, నుదురు నాది. అందుకని గదవ ఒక్కటే తడిమేది. "గింతేనా అక్కా మనకు," అనేది.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఈ లెక్క వేయకుండా ఉంటానా? మల్లయ్య చెప్పింది నిజమైతే అవ్వ కాలిపోయింది. కాలిపోయిన మనిషి వచ్చి గదవ ఇచ్చి, నీళ్లడిగి తాగింది. నేను పోయని నీళ్లు ఎవరో పరాయివాడు పోశాడు. అది నేను నమ్మను. నమ్మకపోతే మిగిలేది ఒక్కటే. అవ్వ ఆ ఇంట్లో చావలేదు. పాకుతూనో దేకుతూనో బయటపడి, ఎవరి దయతోనో బతికి, పట్నం చేరింది. ఒక మధ్యాహ్నం బజారులో తన ముఖం తనకే కనబడింది. తను చనిపోయిందని మొగుడు చెప్పాడని తెలుసుకున్నది, చెల్లెలి పెళ్లి సంగతి విన్నది, పిల్లలు బాగున్నారని విన్నది. మా ఫొటోకు లోటు లేకుండా గదవ ఇచ్చి వెళ్లిపోయింది. ఇంటికి రాలేదు. నీళ్లు పోయని ఇంటికి ఎందుకు వస్తుంది?

అందరూ దయ్యమేమోనని భయపడతారు. అది దయ్యం కాదేమోనని నా భయం. ఈ వయసులో దయ్యాలను నమ్మడం చేతనైతే ఎంత బాగుండు అనుకుంటాను. మాస్టరు అబద్ధమాడలేదు, మల్లయ్య అబద్ధమాడలేదు. ఇద్దరి మాటా నిజం ఎలా అవుతుందో డెబ్బై అయిదేళ్లకు పైగా ఆలోచిస్తున్నాను, నాకు తెలియలేదు.

ఇప్పుడు మా ఫ్లాటు కిటికీలోంచి చూస్తే మేము పారిపోయి దాక్కున్న గుట్టలు లేవు. పగలగొట్టి అద్దాల మేడలు కట్టారు. ఇది చదివి కోడలు అంటుంది, ఎలా చూసినా ఇప్పటికి ఆమె పోయే ఉంటుంది గదా అత్తయ్యా, ఇప్పుడైనా వేయొచ్చు గదా అని. నిజమే. కానీ మా అవ్వ ఎప్పుడు పోయిందో తెలియకుండా ఆ దండ ఎట్లా వేయను?

దండ వేయను గానీ, రోజూ పొద్దున ఫొటో ముందు చెంబెడు నీళ్లు పెడతాను. సాయంత్రం తీసి తులసిలో పోస్తాను. ఇన్నేళ్లలో ఒక్కనాడూ చెంబులో నీళ్లు తగ్గలేదు. అయినా పోసే ముందు రోజూ వంగి చూస్తాను.